ఓడినవాళ్ళకు ముందు చాయ్ పోసిన పెద్దబాపు

జనవరి పది, శనివారం. ఆ రోజు మొదటి ఆశ్చర్యం, నేను లేచేసరికి నాన్న ఇంట్లోనే ఉండటం. జెబెల్ అలీలో గోదాము పని ఆయనది. శనివారమైనా సరే, ఐదున్నరకల్లా బర్ దుబాయ్‌లోని మా బిల్డింగు ముందు కంపెనీ బస్సెక్కుతాడు. అలాంటిది, ఒక కాలికి బూటు తొడుక్కుని, రెండోది చేత్తో పట్టుకుని తలుపు దగ్గరే కూర్చుండిపోయాడు.

"మీ పెద్దబాపు పోయిండు బిడ్డా," అన్నాడు. "రాత్రి పండుకున్నోడు పండుకున్నట్టే పోయిండట."

నాన్నకు అన్న, నాకు పెద్దబాపు. మనవడు పుట్టాడని నెల రోజుల సెలవు మీద జగిత్యాల దగ్గరి మా ఊరికి వెళ్ళాడు. పద్నాలుగో తేదీకి తిరుగు టికెట్టు కూడా ఉంది. మనవణ్ణి ఎత్తుకుని దిగిన ఫొటో నాకు పంపించాడు. పసివాణ్ణి రగ్బీ బంతిని పట్టుకున్నట్టే, రెండు చేతులతో పొట్టకు ఆనించి పట్టుకున్నాడు.

దుబాయ్ శివార్లలో ఒక రగ్బీ క్లబ్బు మైదానాన్ని చూసుకోవడం ఆయన ఉద్యోగం. కోడిగుడ్డు ఆకారపు బంతిని చేతపట్టి పరిగెత్తి, అవతలి గీత దాటాక దాన్ని నేలకు ఆనించే ఆట రగ్బీ. ఇక్కడికి ఉద్యోగాలకు వచ్చిన ఇంగ్లీషువాళ్ళు పెట్టుకున్న క్లబ్బు అది. లోపలి గోడ నిండా పాత ఫొటోలుంటాయి. పెద్దబాపు నన్ను వాటి ముందు నిలబెట్టి పాఠం చెప్పినట్టు చెప్పేవాడు. వీళ్ళు రేవులో ఇంజనీర్లు, వీళ్ళు బ్యాంకులో పనిచేసినవాళ్ళు, ఈ బక్కాయన బడి పంతులు. మొదట్లో గడ్డి లేదు, ఉత్త ఇసుక. ఆటకు ముందు రెండు జట్లూ ఒకే వరసలో నడుస్తూ రాళ్ళేరేవట.

"ఎవలతోని కొట్లాడాల్నో ఆల్లతోనే కలిసి రాళ్ళేరుడు. మంచిగుంటది గద?" అనేవాడు.

ఆయన అప్పట్లో స్కాఫోల్డింగ్ పనిలో, అంటే కట్టే భవనాల చుట్టూ పైపుల పరంజా నిలబెట్టే పనిలో ఉండేవాడు. ఒక సెలవు రోజున వాళ్ళ ముదీరు, అంటే మేనేజరు, నలుగురు కూలీలను ఆ ఇసుకలోకి తీసుకెళ్ళి, మైదానానికి ఇటొకటి అటొకటి పైపులు నిలబెట్టించాడు. రెండు నిలువు పైపులు, నడుమ ఒక అడ్డ పైపు. "నీళ్ళ ట్యాంకు పెడతరనుకున్నం. అది ఎప్పుడొస్తదో అని పొద్దుమీకేదాక సూసినం," అని చెబుతూ నవ్వేవాడు. ట్యాంకు రాలేదు. వాటి నడుమ నుంచి బంతిని తన్నుతారని తెలిసి, అదేం ఆటో చూద్దామని మరుసటి వారం మళ్ళీ వెళ్ళాడు. కొన్నేళ్ళకు క్లబ్బు గడ్డి వేయించినప్పుడు, దానికి నీళ్ళు పెట్టే మనిషిగా అక్కడే చేరిపోయాడు.

చేరిన కొత్తలో ఆయన చేసిన ఒక పొరపాటు ఆ క్లబ్బులో అందరికీ తెలుసు. రగ్బీలో ఒక మర్యాద ఉంది. ఆట ముగిశాక గెలిచినవాళ్ళు రెండు వరసలుగా నిలబడి, ఓడినవాళ్ళు మధ్యలోంచి నడిచి వెళ్తుంటే చప్పట్లు కొడతారు. చప్పట్లు ఎవరికి పడితే వాళ్ళే గెలిచారని పెద్దబాపు అనుకున్నాడు. కెటిలు పట్టుకుని తిన్నగా ఓడిన జట్టు దగ్గరికి వెళ్ళి, "ముబారక్, ముబారక్" అంటూ అందరికంటే ముందు వాళ్ళకు చాయ్ పోశాడు.

"ఆ కెప్టెను మొకం సూడాలె బిడ్డా! ఏడ్వాల్నో నవ్వాల్నో తెల్వలే ఆయనకు. మూతికి రక్తం. చాయ్ మాత్రం రెండు కప్పులు తాగిండు."

ఆ సీజనంతా అలాగే జరిగింది. చివరికి ఎవరో చెబితే ఆయన సిగ్గుపడి మానేద్దామనుకున్నాడు. క్లబ్బువాళ్ళు ఒప్పుకోలేదు. ఇవాళ్టికీ అక్కడ ఓడిన జట్టుకే ముందు చాయ్. ఎందుకని కొత్తవాళ్ళెవరైనా అడిగితే పెద్దబాపు ఒకటే చెప్పేవాడు: "గెలిచినోనికి చాయ్ సల్లగైనా రుచిగనే ఉంటది."

రెండు వేల ఇరవైలో ఊరంతా తలుపులు మూసుకున్నప్పుడు ఆట ఆగిపోయింది. నీళ్ళు పెట్టడానికి ఆయనకు అనుమతి చీటీ ఉండేది. రోజూ వీడియో కాల్ చేసి ఖాళీ మైదానం చూపించేవాడు. "ఆడేటోళ్ళే లేరు గద పెద్దబాపూ, ఎవరి కోసం?" అని అడిగాను. "గడ్డికి లాక్‌డౌన్ ఉన్నదని తెల్వది గద," అన్నాడు.

ఆ రోజుల్లోనే క్లబ్బు వంటగదిలో పొయ్యి వెలిగించారు. దుబాయ్‌లోనే డేరా అనే పేటలోని ఇరుకు గదుల్లో పనిలేక చిక్కుకుపోయినవాళ్ళకు, జెబెల్ అలీ వైపు కూలీల క్యాంపుల్లో ఉన్నవాళ్ళకు అన్నం, పప్పు పొట్లాలు కట్టారు. ఎవరు ఎక్కడ ఉన్నారో, ఎవరికి కారం ఎక్కువ కావాలో పెద్దబాపుకు తెలుసు. దారి చూపింది ఆయన, మోసింది ఇంగ్లీషు ఆటగాళ్ళు. తలుపు తట్టగానే ఏమనాలో కూడా ఆయనే నేర్పించాడు. ఒకసారి తలుపంత వెడల్పున్న ఒక ఆటగాడు మా మెట్ల మీద సంచులు దింపి, "తిన్నవా, భయ్యా?" అని నాన్నను అడిగాడు. "నువ్వు తిన్నవా?" అని నాన్న తెలుగులోనే ఎదురడిగాడు.

ఇక్కడ ఆదివారం సెలవైన రెండు వేల ఇరవై రెండు చలికాలంలో పెద్దబాపు కమిటీ ముందుకు వెళ్ళాడు. ఫ్లాట్లలో మగ్గిపోయిన పిల్లలకు ఆదివారం పొద్దున ఒక్క గంట మైదానం కావాలని అడగడానికి. టోపీ చేత్తో పట్టుకుని, తనకొచ్చిన హిందీ, ఇంగ్లీషు కలిపి, "మేడమ్, ఇధర్ గ్రాస్ హై, బచ్చా నహీ. ఉధర్ బచ్చా హై, గ్రాస్ నహీ. వై?" అన్నాడట, గడ్డి ఒక చోట, పిల్లలు ఒక చోట ఎందుకని. మేడమ్ అంటే క్లబ్బు కార్యదర్శి, ఇక్కడి బడిలోనే పాఠాలు చెప్పి రిటైరైన ఇంగ్లీషు టీచరు. ఎనిమిది నుంచి తొమ్మిది వరకు, ఆ గంట మాదైంది.

మా ఇంట్లో మాత్రం అంత సులువుగా కాలేదు.

"ఆడపిల్లలు మీద మీద పడి గుంజుకునుడేంది బావా?" అంది అమ్మ.

"మీద పడుడు లేదు తల్లీ. పిల్లలది ముట్టుకునే ఆట. ముట్టుకుంటే ఖలాస్."

"మరి మోకాళ్ళు పలిగితే?"

"నీ బిడ్డ మెట్లెక్కినా పలగ్గొట్టుకుంటది. గడ్డి మీద పడితే నయం గాదా?"

అమ్మ నవ్వేసింది. అప్పటి నుంచి నేను ఆడుతున్నాను. ఇప్పుడు పదకొండు మందిమి, ఎక్కువగా ఆడపిల్లలం. తెలుగువాళ్ళు, మలయాళీలు, ఒక పెషావరీ అక్కాచెల్లెళ్ళ జంట. కాలేజీలో చేరాక చిన్నపిల్లలకు ఆట నేర్పడం నా వంతైంది. పెద్దబాపు రగ్బీలోని పనులకు తెలుగు పేర్లు పెట్టుకున్నాడు. అందరూ తలలు ఆనించి నెట్టుకోవడం కుమ్ముడు, బంతి కోసం ఒకణ్ణి పైకి లేపడం ఎత్తుడు, గీత దాటి బంతిని నేలకు ఆనించడం మోపుడు. ఇవన్నీ నేను ఒక నోటుబుక్కులో రాసుకున్నాను. ఏ నిఘంటువులోనూ ఈ అర్థాలు దొరకవు. పెషావరీ పిల్లలు కూడా "మోపు, మోపు!" అని అరుస్తారు.

గీతలు వేయడం నాకు రాలేదు. తెల్లరంగు నింపిన చిన్న చక్రాల బండిని నెట్టుకుంటూ గీత వేయాలి. పోయినేడు ఒకసారి నన్ను నెట్టమన్నాడు. వెనక్కి తిరిగి చూసుకుంటే గీత అరటికాయలా వంగిపోయింది. ఒక ఆటగాడు ఆగి, ఈ గీత ఏం తాగిందని అడిగాడు. పెద్దబాపు దాన్ని చెరపలేదు. "కాళ్ళ కాడ సూస్తే వంకరే పోతది. అవతలి కొసకు సూసుకుంట నడువు," అన్నాడు. ఆ మాట అప్పుడు విన్నాను కానీ, బండిని మళ్ళీ ముట్టుకోలేదు. ఆయన ఉన్నాడు కదా అనుకున్నాను.

ఈ శనివారం, ఆయన పోయి వారమయ్యాక, క్లబ్బులో మ్యాచికి ముందు రెండు జట్లూ భుజాల మీద చేతులు వేసుకుని ఒక నిమిషం మౌనంగా నిలబడ్డాయి. పెద్దబాపు ఎప్పుడూ నిలబడే చోట, నీళ్ళ గొట్టం పక్కన, నాన్న నిలబడ్డాడు. ఆట అయ్యాక మేడమ్ నన్ను లోపలికి పిలిచింది.

"ఆదివారం గంట ఆయనను చూసి ఇచ్చింది," అంది. "ఆయన ఊరికి వెళ్ళిన దగ్గర్నుంచి ఆదివారాలు గేటు తెరుచుకోలేదు. ఆ సమయం కోసం ఒక కోచింగ్ అకాడమీ అడుగుతోంది. సోమవారం కమిటీ కూర్చుంటుంది."

"మేం ఆడుకుంటాం మేడమ్. రోజూ అడుగుతున్నారు పిల్లలు."

"ఆడతారని తెలుసు. గేటు తీసేదెవరు? మీ చిన్న మైదానానికి గీతలు వేసేదెవరు? చివరి పిల్ల వెళ్ళేదాకా ఉండేదెవరు? రేపు ఆట జరిగిందని నేను చెప్పగలిగితే వాళ్ళు వింటారు. జరగకపోతే నా దగ్గర జాలి తప్ప ఏమీ ఉండదు."

ఆ గంట పోతే ఆ పదకొండు మందికీ దుబాయ్‌లో వేరే గడ్డి లేదు. నేనే చేస్తానన్నాను. అన్నాక అరటికాయ గీత గుర్తొచ్చి భయం వేసింది. మేడమ్ తాళంచెవి బల్ల మీద పెట్టి నా వైపు జరిపింది.

బయట నాన్నకు చెబితే, "నువ్వా?" అన్నాడు. "నిన్ను పొద్దుగాల లేపనీకి మీ అమ్మ మూడు సార్లు ఒర్రాలె."

"రేపు ఒక్కసారికే లేస్తా బాపూ."

"సూస్తం తియ్. యల్లా, నడువు. పక్క ఫ్లాటాయనను కారు అడగాలె. ఆదివారం మెట్రో ఎనిమిదిదాక కదలదు."

కారు దొరికింది. పిల్లల ఇళ్ళకు ఫోన్లు చేశాను. పిల్లల్ని ఎక్కించుకొచ్చే వ్యాను నడిపే మలయాళీ అన్న ఏడూ ఇరవైకి బయలుదేరతానన్నాడు. పెషావరీ చెల్లెలు ఫోన్లోనే కేక వేసింది.

రేపు ఐదింటికి లేవాలి. ఆరుంబావుకి గేటు తీయాలి. రంగులో నీళ్ళు కలపాలి, చిక్కగా కాకుండా, పలచగా కాకుండా. గీత సూటిగా రావడానికి పట్టే తాడు అవతలి కొస నాన్న పట్టుకుంటానన్నాడు. పొగమంచు ఉంటే ఆ కొస కనిపించకపోవచ్చు. అప్పుడు పిలుస్తూ ఉండమని చెప్పాను, గొంతు వినిపించే వైపు నడుస్తాను. ఎనిమిదింటికి వ్యాను ఆగి పిల్లలు దూకేసరికి గీతలు ఇంకా తడిగానే ఉంటాయి. తొక్కకుండా, ఎత్తి అడుగేసి లోపలికి రమ్మని వాళ్ళకు నేను చెప్పాలి.