నా వీపు వెనక తొమ్మిది అంగుళాలు

యాభైకి దగ్గరపడ్డ మనిషి వీపుకు సంచి తగిలించుకుని నగరంలో తిరగవచ్చా? మస్కట్ వచ్చిన చాలా ఏళ్ల వరకు నాకీ ప్రశ్న తట్టలేదు. కుడి భుజం పట్టేసిన ఏడాది తట్టింది. తట్టడమే కాదు, నా ఉద్యోగం ఉంటుందా పోతుందా అన్నది దాని మీదే వచ్చి ఆగింది.

నా పని కిటికీలు కొలవడం. మత్రా సూక్ అనే పాత బజారులో, రేవు నుంచి లోపలికి వెళ్లే సందుల్లో ఒకదానిలో మా కర్టెన్ల దుకాణం. కస్టమర్ల ఇళ్లకు వెళ్లి, గుడ్డల నమూనాలు చూపించి, కొలతలు తీసుకుని వస్తాను. నా చదువు ఏడో తరగతితో ఆగింది. జగిత్యాల వైపు నుంచి టైల్స్ పనికి వచ్చినవాణ్ణి. ఒక గదికి ఎన్ని టైల్స్ పడతాయి, మూలల్లో ఎన్ని ముక్కలు వృథా పోతాయి అని మనసులోనే కట్టుకుంటూ సైట్‌లో లెక్క నేర్చుకున్నాను. మోకాళ్లు ఇక ఆ పని చేయలేమన్నప్పుడు ఈ దుకాణం యజమాని నా లెక్క చూసి పనిలో పెట్టుకున్నాడు. ఆయనది గుజరాత్. తాతల కాలం నుంచి మత్రాలో వ్యాపారం. అందరం ఆయన్ని సేఠ్ అంటాం. ఆయన నన్ను మాస్టర్ అంటాడు. మా ఇద్దరికీ మాట హిందీలోనే.

కర్టెన్ కొలతలో ఒక కిటుకు ఉంది. కిటికీ ఎంతుందో అంతే కొలిస్తే పనికిరాదు. రెండు పక్కలా కొంత, పైన కొంత కలపాలి. లేకపోతే అంచుల నుంచి ఎండ దూరుతుంది. ఈ దేశపు ఎండకు వేలెడు సందు చాలు. ఆ కలిపేదాన్ని మేం 'అదనం' అంటాం. కొలత ఎవరైనా తీస్తారు. అదనం ఎంత కలపాలో తెలిసినవాడికే జీతం.

నమూనాలంటే అట్టల మధ్య గుడ్డ ముక్కలు కుట్టిన లావుపాటి పుస్తకాలు. ఇంటికి పోతే కనీసం మూడు కావాలి. వాటితో పాటు స్టీలు టేపు, పెన్సిళ్లు, నీళ్ల సీసా. వీటన్నిటినీ ఒక పొడుగు పట్టీ సంచిలో వేసి ఎప్పుడూ కుడి భుజానికే తగిలించేవాణ్ణి. ఒకరోజు రువీలో ఒక ఫ్లాట్‌లో కిటికీ పైఅంచుకు టేపు పెట్టబోతే చేయి భుజం దాకా లేచి అక్కడే ఆగిపోయింది. ఆపైన నొప్పి.

క్లినిక్‌లో వ్యాయామం చేయించే మలయాళీ సిస్టర్ నా సంచిని ఎత్తి చూసి, "ఒక భుజానికి రోజూ డ్యూటీ, రెండోదానికి రోజూ సెలవు. ఎట్లా చేట్టా?" అంది. చేట్టా అంటే వాళ్ల భాషలో అన్న. బరువును రెండు భుజాల మీద వేసుకోమంది. రోజూ గోడ మీద వేళ్లు పైకి పాకించమంది. రూమ్ కింద కూరగాయల కొట్టు తక్కెడలో సంచి తూయించాను. ఎనిమిది కిలోలు. రెండు భుజాల మీద పడితే తలా నాలుగు. ఈ లెక్కకు ఎదురు చెప్పేదేమీ కనిపించలేదు. ఆ శుక్రవారమే నల్లటి బ్యాక్‌ప్యాక్ ఒకటి కొన్నాను.

లెక్కకు ఎదురులేదు కానీ మనుషులకు ఉంటుందిగా. మనవాళ్ల లోకంలో పెద్దవాడి చేతిలో సూపర్‌మార్కెట్ కవర్ ఉంటుంది, లేదా ఏమీ ఉండదు. వీపున సంచి పడిందంటే వాడు సెలవుకి ఇంటికైనా పోతుండాలి, కంపెనీ వదిలి పారిపోయైనా ఉండాలి. పారిపోవడాన్ని ఇక్కడ ఖల్లివెల్లి అంటారు. మొదటి ఉదయం నేను సంచి తగిలించుకోగానే రూమ్‌లో మిగతా ఇద్దరూ టీ గ్లాసులు కింద పెట్టేశారు. ఒకడు మా జిల్లా మేస్త్రీ, ఇంకొకడు కడప నుంచి వచ్చిన సాయిబు, డ్రైవర్.

"ఏందే అన్నా, టికెట్ తీసినవా? ఒక్క మాటన్న చెప్పకపోతివి," అన్నాడు మేస్త్రీ.

"టికెట్ యాడిది రా, అన్న ఖల్లివెల్లి అయిపోతా ఉండాడు. నువ్వు గమ్మునుండు, బయట చెప్పగాకు," అన్నాడు సాయిబు.

"డ్యూటీకేరా," అన్నాను.

"డ్యూటీకా! అయితే నీళ్ల బాటిల్ మెడకేసుకో. బెల్లు కొట్టంగనే ఉరకకు, రోడ్డు దాటేటప్పుడు అటిటు చూడు," అని మేస్త్రీ నా సంచి పట్టీ సర్ది మరీ పంపాడు.

నవ్వుకుంటూనే బస్సెక్కాను. నిజం చెప్పాలంటే బాగుంది. రెండు చేతులూ ఖాళీ. ఒకటి బస్సు కడ్డీకి, ఒకటి జేబులో ఫోనుకు. రేవులో దిగిన టూరిస్టుల వీపుల మీద నాకంటే పెద్ద సంచులున్నాయి, తెల్లజుట్టు వాళ్లకు కూడా. వాళ్లని చూసి ఎవరూ టికెట్ తీశారా అని అడగడం లేదు.

సేఠ్ మాత్రం కళ్లద్దాలు తీసి తుడిచి మళ్లీ పెట్టుకున్నాడు.

"మాస్టర్, కస్టమర్ ఇంటికా, స్కూల్‌కా?"

"భుజం, సేఠ్..."

"భుజం సరే. పెద్ద పెద్ద ఇళ్ల మజ్లిస్‌లో కూర్చోవాల్సిన మనిషివి. కొలతలవాడు అంటే ఒక మర్యాద ఉండాలి."

ఇంతవరకైతే సర్దుకునేది. నాలుగో రోజు మా సందులో నడుస్తున్నాను. వెనక నుంచి ఎవరో "మాస్టర్, సలామ్" అన్నారు. సలామ్‌కు బదులు చెప్పడానికి గిర్రున తిరిగాను. నాకంటే వెనక నా సంచి తిరిగింది. పక్క దుకాణం గడప ముందు వరసగా పేర్చిన, సాంబ్రాణి వేసే మట్టి ధూపపాత్రలను అది తుడిచేసింది. మూడు పగిలాయి. నాలుగోది దొర్లుకుంటూ మా దుకాణంలోకే వెళ్లింది.

ఆ దుకాణం ఒమానీ పెద్దాయన పెంకులు చూసి, నన్ను చూసి, "మాఫీ ముష్కిల్" అన్నాడు. ఏం ఫర్వాలేదని. డబ్బు ఇవ్వబోతే నా చేయి మూసి నా జేబు వైపు తోశాడు. ఆయన కోప్పడి ఉంటే తేలిగ్గా ఉండేది.

సేఠ్ ఆ దొర్లి వచ్చిన పాత్రను చేతిలో పట్టుకుని అన్నాడు. "ఈ సంచి నా దుకాణంలోకి రాకూడదు. ఇంకో మాట, మాస్టర్. ఈ నెల చూస్తాను. చేయి లేవకపోతే కొలతలకు ఇంకొకర్ని పెట్టుకోవాలి. నేను చెడ్డవాణ్ణి కాను. కిటికీలు పైన ఉంటాయి, ఏం చేయను?"

నాకు ఆయన మీద కోపం రాలేదు. కిటికీలు పైన ఉంటాయన్నది నిజం. ఆ పని పోతే వీసా పోతుంది, ఈ మోకాళ్లతో సైట్‌కు తిరిగి పోలేను అన్నది కూడా అంతే నిజం. పాత సంచి మళ్లీ భుజానికి వేసుకుంటే చేయి లేవదు. కొత్తది వేసుకుంటే దుకాణంలోకి రానివ్వరు.

ఆ సాయంత్రం సాయిబు చేతికి టేపు ఇచ్చి నన్ను కొలవమన్నాను.

"దేనికన్నా, షేర్వానీ కుట్టిస్తావా?"

"పక్క నుంచి కొలువు. రొమ్ము నుంచి వీపు దాకా."

"పొట్ట లోపలికి పీల్చుకోవద్దు, అది మోసం. పది అంగుళాలు."

"ఇప్పుడు సంచితో."

"పంతొమ్మిది." టేపు అట్లాగే పట్టుకుని చుట్టూ ఒకసారి చూశాడు. "అంటే నీ వెనకాల ఇంకో మనిషి వస్తా ఉండాడన్నమాట. వానికి వీసా ఉందా?"

మేస్త్రీ మంచం మీద పడి నవ్వాడు. నేనూ నవ్వాను కానీ ఆ తొమ్మిది నన్ను పట్టుకుంది. ఇన్నేళ్లుగా ప్రతి కిటికీకీ అదనం కలిపినవాణ్ణి, నాకు నేను కలుపుకోలేదు. వీపు వెనక తొమ్మిది అంగుళాలు పెరిగి, పాత పది అంగుళాల మనిషిలాగే తిరిగాను. తప్పు సంచిది కాదు, వయసుది అంతకంటే కాదు. చేతి సంచి ఎటు పోతుందో చేతికి తెలుస్తుంది. వీపుకు కళ్లు లేవు.

మరుసటి రోజు నుంచి పద్ధతి మార్చాను. పెద్ద రోడ్డు మీద వీపుకు. సూక్‌లోకి, బస్సులోకి అడుగుపెట్టే ముందు సంచి ముందుకు, పిల్లను ఎత్తుకున్నట్టు. తగిలించుకునేటప్పుడు నొప్పి ఉన్న చేయి ముందు, తీసేటప్పుడు చివర. దుకాణం చేరాక సంచిని బయట, ఆ ధూపపాత్రల పెద్దాయన స్టూలు కింద పెట్టేవాణ్ణి. ఆయనే పెట్టుకోమన్నాడు. పగలగొట్టినదాన్నే కాపలా కాసే మనిషిని నేను అంతకుముందు చూడలేదు.

నెల సగం గడిచాక ఖురియాత్ నుంచి పెద్ద పని వచ్చింది. కొత్త ఇల్లు, పైనా కిందా కిటికీలు. ఇంటి యజమాని సేఠ్ తండ్రి కాలం నాటి కస్టమర్ కాబట్టి సేఠ్ కూడా బయలుదేరాడు. వ్యాన్ ఎక్కేముందే చెప్పాడు, "సంచి వ్యాన్‌లోనే ఉండాలి. పుస్తకాలు చేత్తో తెచ్చుకో."

కానీ ఆ ఇంటి వీధిలో పైపుల కోసం రోడ్డు తవ్వి పెట్టారు. వ్యాన్ చాలా దూరంలో ఆగిపోయింది. మూడు పుస్తకాలు చంకలో పెట్టుకుని కాసేపు నడిచేసరికి చేయి మొద్దుబారింది. వెనక్కి వెళ్లి సంచి తెచ్చుకున్నాను.  నాకూ తనకూ సంబంధం లేనట్టు సేఠ్ బాగా ముందు నడిచాడు.

మజ్లిస్ అంటే అతిథులను కూర్చోబెట్టే గది. తివాచీలు, గోడ పొడవునా ఆనుకునే దిండ్లు. మధ్యలో ఖర్జూరాలు, కహ్వా అనే అరబ్బు కాఫీ కూజా, బుల్లి కప్పులు, పక్కనే సాంబ్రాణి పొగ వేస్తున్న ధూపపాత్ర. ఆ పాత్రను చూడగానే సూక్‌లో పగిలినవి గుర్తొచ్చాయి. సంచి ఎక్కడ పెట్టినా దేనికో ఒకదానికి తగులుతుందనిపించి, దించకుండా ఒళ్లో వాటేసుకుని గడప దగ్గరే కూర్చున్నాను.

ఇంటి యజమాని డెబ్బై దాటిన మనిషి. హిందీ మాకంటే శుభ్రంగా మాట్లాడతాడు. కహ్వా పోస్తూ పోస్తూ ఆగాడు.

"సదీక్, దోస్త్, అది దించు. బరువు దించని అతిథి, ఈ ఇంట్లో ఉండటానికి రాలేదని అనుకుంటాను నేను."

నేను సందేహిస్తుంటే సేఠ్ సిగ్గుతో లేచి, సంచిని కనపడకుండా అవతల పెడదామని ఒక్క చేత్తో లాగాడు. అది ఆయన చేతిని తీసుకుని కిందికి పోయింది. ఆయన దిండు మీద కూలబడ్డాడు.

"ఏం పెట్టావు ఇందులో?"

"మీ పుస్తకాలే, సేఠ్."

పెద్దాయన కడుపు పట్టుకుని నవ్వాడు. తర్వాత సంచిని తానే దగ్గరకు జరుపుకుని, తన పక్క దిండుకు ఆనించి కూర్చోబెట్టాడు, దానికీ ఒక కప్పు పోస్తాడేమో అన్నట్టు. చిన్నప్పుడు తామంతా ఎండు చేపల మూటలు వీపున కట్టుకుని కొండ దాటేవాళ్లమని చెప్పాడు. "చేతులు ఖాళీగా ఉండాలి. లేకపోతే కాలు జారినప్పుడు రాయిని దేనితో పట్టుకుంటావు?" అన్నాడు సేఠ్‌తో. 

కిటికీల దగ్గరికి వెళ్లినప్పుడు నా చేయి భుజం దాకా లేచి ఆగింది. నేను స్టూలు కోసం చూస్తున్నాను. అంతలో సేఠ్ చెప్పులు లేని కాళ్లతో తనే స్టూలు ఎక్కాడు. టేపు పైకొస పట్టుకుని అంచుకు ఆనించాడు. "చదువు, మాస్టర్," అన్నాడు. నేను కింద నుంచి చదివాను. కిందా మేడ మీదా కిటికీలన్నీ అలాగే కొలిచాం. సేఠ్ టేపు పట్టుకోగా నేను ఎప్పుడూ చూడలేదు. పట్టుకోవడం తెలిసినవాడి పట్టు అది. టేపు ఎక్కడా వంగలేదు. తిరుగు ప్రయాణంలో భుజం గురించి గానీ నెల గురించి గానీ మాట రాలేదు. వ్యాన్ దాకా మాత్రం నా పక్కనే నడిచాడు.

శనివారం ఉదయం దుకాణానికి వెళ్లి, ఎప్పటిలాగే సంచిని స్టూలు కింద పెట్టబోయాను. ధూపపాత్రల పెద్దాయన తల అడ్డంగా ఊపి మా దుకాణం వైపు చూపించాడు. లోపల, గుడ్డ కత్తిరించే బల్ల పక్క గోడకు ఇత్తడి కొక్కెం ఒకటి కొత్తగా కొట్టి ఉంది. ఆ గోడకు ఉన్న కొక్కేలన్నీ తల కంటే ఎత్తులో ఉంటాయి, కర్టెన్లు వేలాడదీయడానికి. ఇదొక్కటే కిందికి ఉంది. సంచి తీసి తగిలించాను. చేయి నొప్పి మొదలయ్యే చోటికి ఒక వేలు కింద ఉంది కొక్కెం.

సేఠ్ లెక్కలు చూసుకుంటున్నాడు. తల ఎత్తలేదు.

"ఎవరు కొలిచారు?" అని బల్ల దగ్గర గుడ్డ కత్తిరించేవాణ్ణి మెల్లగా అడిగాను.

"సేఠే. నీ చెయ్యి ఎంతవరకు లేస్తదో తన చెయ్యి అంతే లేపి నిలబడ్డాడు. గుర్తు పెట్టమన్నాడు. తర్వాత ఇంకొంచెం పైకి కొట్టు అన్నాడు."

ఆ ఇంకొంచెం ఎందుకో నాకు వెంటనే అర్థం కాలేదు. సేఠ్ నాకంటే రెండు అంగుళాలు పొట్టి. నా ఎత్తుకు ఎంత కలపాలో చూసుకుని, ఆయన అదనం కలిపాడు.