పెద్దమ్మ నాలుకా, ఎరుపు ప్యాకెట్టూ

“ఇవి పాలా, పాలగిన్నె కడిగిన నీళ్ళా?”

“పాలే. తాగండి.”

“సగం తాగేసరికే గ్లాసు అడుగు కనిపిస్తోంది. పాలలోంచి గ్లాసు అడుగు కనిపించడం నా జన్మలో చూళ్ళేదు.”

“అడుగు కనిపించని పాలు తాగారు కాబట్టే గుండెలో రెండు స్ప్రింగులు పెట్టించుకోవాల్సొచ్చింది.”

“నువ్వు మాత్రం రోజంతా డెయిరీలో మీగడ నాకి వస్తావు. నాకు ఈ కడుగునీళ్ళు. ఊళ్ళో ఎవరింటి తాళమైనా తీస్తాను, నా ఇంట్లో ఫ్రిజ్ తీయడానికి మాత్రం పర్మిషన్ కావాలి.”

పెద్దమ్మ ఏమీ అనలేదు. పెద్దనాన్న గ్లాసు బల్లమీద గట్టిగా పెట్టిన చప్పుడు మాత్రం వినిపించింది. నేను మేడ మెట్ల మీద బూట్లు తొడుక్కుంటూ ఇదంతా వింటున్నాను. చాటుగా వినడం తప్పే. కాని ఆ ఇంట్లో పొద్దున్నే పాల దగ్గర జరిగే గొడవ వినకుండా ఉండాలంటే చెవుల్లో సీసం పోసుకోవాలి.

కాలేజీ మధ్యలో వదిలేశాక మా నాన్నకూ నాకూ మాటల్లేవు. మా అమ్మ అక్క, అంటే ఈ పెద్దమ్మ, మేడమీది గది ఇచ్చింది. తను పనిచేసే డెయిరీలోనే పాల వ్యాను డ్రైవరుగా పెట్టించింది. డెయిరీలో నన్ను ‘సగం డిగ్రీ’ అంటారు. ఆవిడను ‘నాలుక మేడమ్’ అంటారు. రెండు పేర్లలో ఏది గౌరవంతో పెట్టిందో చెప్పనక్కర్లేదు.

పెద్దనాన్నకు వీధి మొదట్లో తాళాల కొట్టుంది. ఆరు నెలల క్రితం అక్కడే తాళంచెవి అరగదీస్తూ గుండె పట్టుకుని కూలబడ్డాడు. స్టెంట్లు వేసిన డాక్టరు ఇంటికి పంపేముందు ఒకే మాట చెప్పాడు: “ఆరు నెలలకు మళ్ళీ రక్తపరీక్ష. కొవ్వు తగ్గకపోతే ఈసారి ఛాతీ కోయాల్సిందే.” ఆ రోజు నుంచి ఇంట్లో ఎరుపు ప్యాకెట్టు మాయమైంది. ఎరుపంటే మీగడ తీయని పాలు. నీలమంటే మీగడంతా తీసేసినవి. ఇంట్లో పెరుగు నీలమే, కాఫీ నీలమే. వెన్న డబ్బా పక్కింటికి వెళ్ళిపోయింది.

ఇప్పుడు నా నిర్వాకం చెప్పాలి. మా డ్రైవర్లకు దారిలో కారిపోయే ప్యాకెట్ల కింద రోజూ ఒక ఎరుపు ప్యాకెట్టు అదనంగా ఇస్తారు. లోడింగ్ అతను దాన్ని స్టీరింగు పక్కన విడిగా పెడతాడు. కారనిరోజు అది డ్రైవరుదే. పెద్దనాన్న ఆసుపత్రి నుంచి వచ్చిన మూడో వారం, “ఒరేయ్, ఒక్క గ్లాసు రా. ఒక్క గ్లాసుకు మనిషి చస్తాడా?” అన్నాడు. నిన్నటిదాకా నాలుగు మెతుకులు ఎక్కువ తిన్నా మాటపడని మనిషి, పాల కోసం నా ముందు గొంతు తగ్గించడం చూసి జాలేసింది. బుద్ధిలేని జాలి. ఆ రోజు నుంచి నా అదనపు ప్యాకెట్టు ఆయన కొట్లో దిగేది. ఆయన షట్టరు సగం దించి, చిన్న హీటరు మీద కాచుకుని, కళ్ళు మూసుకుని తాగేవాడు. “ఇవీ పాలంటే,” అనేవాడు. “మీ పెద్దమ్మ ఇచ్చేవి పాలు కావురా, పాల గురించి విన్న నీళ్ళు.”

పెద్దమ్మ పనేంటో నేను సరిగ్గా చూసింది వ్యాను పని మొదలుపెట్టిన రెండో నెలలో. ట్యాంకర్లు వచ్చి దిగే చోట గాజుకిటికీల చిన్న గది. తెల్ల కోటు, తలకు గుడ్డ టోపీ. ముందు ఒక స్టీలు తొట్టి, పక్కన నీళ్ళ కూజా. ప్రతి ట్యాంకరు నుంచీ తెచ్చిన పాలను చిన్న గ్లాసులో కాచి, చల్లార్చి ఇస్తారు. ఆవిడ ముందు వాసన చూస్తుంది. తర్వాత ఒక గుక్క నోట్లోకి తీసుకుని, బుగ్గ నుంచి బుగ్గకు తిప్పి, తొట్టిలో ఉమ్మేస్తుంది. అరచేతిలో పెట్టుకున్న కాగితం మీద ఒక అంకె రాసి బోర్లిస్తుంది. అవతల గదిలో యంత్రం రెండు నిమిషాలు గురగురలాడి కొవ్వెంతో చెబుతుంది. యంత్రం నాలుగు పాయింట్ రెండు అన్నాక పెద్దమ్మ కాగితం తిప్పితే నాలుగు పాయింట్ రెండు. ఆ పొద్దున పద్నాలుగు ట్యాంకర్లు వచ్చాయి. పన్నెండింటికి అంకె అంకె కలిసింది. తప్పిన రెండూ తప్పింది పాయింట్ ఒకటి తేడాతోనే. నేను నోరు తెరుచుకుని నిలబడ్డాను. వెనక వ్యాను వాడు హారన్ కొట్టి పిలిస్తే గాని కదల్లేదు.

తర్వాత అక్కడి ముసలి మెకానిక్ ఇంకో సంగతి చెప్పాడు. ఒకసారి ఒక ట్యాంకరుకు యంత్రం ఆరు చూపించిందట. అందరికీ సంతోషం. పెద్దమ్మ ఉమ్మేసి, “కొవ్వు ఉంది. పాలది కాదు,” అందట. పెద్ద సారు విసుక్కున్నాడట. పెద్ద ల్యాబుకు పంపితే మూడో రోజు తెలిసింది, మీగడ తీసి వంటనూనె కలిపారని. “యంత్రం లెక్క చెబుతుంది బాబూ,” అన్నాడు మెకానిక్, “ఆవిడ మనిషి సంగతి కూడా చెబుతుంది.”

ఇంత నాలుక ఉన్న మనిషి ముక్కు కింద నేను ఐదు నెలలు దొంగ పాలు మోశాను. నాకంటే గుడ్డివాడు ఉంటాడా?

పరీక్షకు వారం ఉందనగా నాకు భయం పట్టుకుంది. ఛాతీ కోయడం అన్న మాట బ్రేకు తొక్కినప్పుడల్లా గుర్తొచ్చేది. కోస్తే ఆ కత్తికి పిడి నేనే. ఇక ఇవ్వనని చెప్పేయాలని ఆ పొద్దున కొట్టు దగ్గర ఆగాను. షట్టరుకు తాళం. ఎవరింట్లోనో తలుపు తాళం పడిపోయిందని వెళ్ళాడట. నేను పొద్దుటి నుంచి ఏమీ తినలేదు. ప్యాకెట్టు మూల పళ్ళతో కొరికి నోట్లో పోసుకున్నాను.

నీళ్ళు. నీళ్ళంటే నీళ్ళు కాదు, నీలం పాలు. నాకు పెద్దమ్మ నాలుక లేదు గాని, ఆరు నెలలుగా ఆ ఇంట్లో తాగుతున్నది ఏదో నాకు తెలియదా? కవరు చూశాను. ఎరుపే. మళ్ళీ తాగాను. నీలమే.

నా ఒళ్ళు మండింది. వ్యాను తిప్పి నేరుగా ఆ గాజుగదిలోకి వెళ్ళాను. లోపల ఇంకో ఇద్దరున్నారు. నాకదేం పట్టలేదు.

“పెద్దమ్మా, ఎరుపు కవర్లో నీలం పాలు పోసి అమ్ముతున్నారు ఇక్కడ. నువ్వు అంకెలు రాసుకుంటూ కూర్చున్నావు.”

ఆవిడ నోట్లో ఉన్నది ఉమ్మి, నీళ్ళతో పుక్కిలించి, తువ్వాలుతో మూతి తుడుచుకుంది. తీరిగ్గా.

“అమ్మట్లేదు. నీకిస్తున్నాను.”

“నాకా?”

“నీ స్టీరింగు పక్కన పెట్టిస్తున్నది నేనే కదరా. అరవకు, ఇటు రా.”

ప్యాకింగ్ మిషన్ దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడ రోజూ ముందు ఎరుపు కొడతారు, అవి అయ్యాక నీలం. పాలు మారే క్షణానికి కవరు చుట్ట కూడా మారాలి. ఎంత చెయ్యి తిరిగినవాడైనా చుట్ట మార్చేలోపు పది పన్నెండు ప్యాకెట్లు ఎరుపు కవర్లో నీలం పాలతో పడిపోతాయి. వాటిని బయటికి పంపరు, కోసి తొట్టిలో పోస్తారు. ఆ తప్పు ప్యాకెట్లలో రోజుకొకటి సూపర్‌వైజర్‌కు చెప్పి తీసుకుంటోంది పెద్దమ్మ.

“మొదటి నాలుగూ పనికిరావు,” అంది. “గొట్టంలో మిగిలిన ఎరుపు తగుల్తుంది. ఐదోది నుంచి శుభ్రంగా నీలం. రోజూ నోట్లో వేసుకుని చూశాకే నీ బండెక్కిస్తున్నా.”

చేతిలోని కొరికిన ప్యాకెట్టును అటూ ఇటూ తిప్పి చూశాను.

“నీకెప్పుడు తెలిసింది?”

“మొదటి రోజే. కొట్టు నుంచి వచ్చిన గ్లాసు కడుగుతుంటే నీళ్ళు నిలవలేదు, జారిపోయాయి. మీగడ పాలు తాగిన గ్లాసది. ఆయనకు తెచ్చిపెట్టే వెధవ నువ్వు కాక ఈ ఊళ్ళో ఇంకెవడున్నాడు?”

“తిట్టొచ్చు కదా.”

“తిడితే నువ్వు మానేస్తావు. ఆయన ఇంకొకణ్ణి చూసుకుంటాడు. వాడికి పాలు నేను పంపగలనా?”

“మరి ఆయనకు తేడా తెలియలేదా? ఇంట్లో అవే పాలను కడుగునీళ్ళు అంటాడు. కొట్లో అవే పాలకు కళ్ళు మూసుకుంటాడు.”

“షట్టరు దించుకుని, పెళ్ళాం చూడకుండా, ఎరుపు కవరు కోసుకుని తాగితే నీలానికి కూడా మీగడ కడుతుందిరా,” అంది. నవ్వలేదు. మిషన్ మోతలో ఆ మాట మళ్ళీ చెప్పించుకోవాలనిపించింది గాని, అడగలేదు.

తిరిగి గదిలోకి వచ్చాక ఆ స్టీలు తొట్టి వైపు మళ్ళీ చూశాను. అంతకుముందు ఎన్నోసార్లు చూసిందే. ఆ పొద్దున రుచి చూసిన పాలు, మీగడ, వెన్న అన్నీ అందులోనే ఉన్నాయి. మిగతా ఇద్దరూ వెన్న ముక్క చప్పరించి మింగేస్తున్నారు. ఈవిడ ఒక్కతే ఉమ్మేస్తోంది.

“మేడమ్ మింగడం మానేసి ఆరు నెలలైంది,” అంది పక్కనమ్మాయి. “కారణం అడిగితే చెప్పరు.”

మీగడ నాకి వస్తావని పెద్దనాన్న దెప్పినప్పుడు ఆవిడ నోరెందుకు మెదపలేదో అప్పుడర్థమైంది. నేనైతే ఆ తొట్టి తెచ్చి ఆయన ముందు పెట్టేవాణ్ణి.

పరీక్ష రోజు ముగ్గురం వెళ్ళాం. డాక్టరు కాగితం చూసి, కళ్ళద్దాలు తీసి తుడుచుకుని మళ్ళీ చూశాడు. కొవ్వు అంకె దాదాపు సగానికి పడిపోయింది. కోత అక్కర్లేదు. మందులూ తిండీ ఇలాగే సాగనివ్వమన్నాడు. లేచేముందు పెద్దమ్మ ఒకటే అడిగింది, ఎప్పుడైనా ఒక గ్లాసు మంచి పాలు తాగొచ్చా అని. నెలకొకసారైతే పర్లేదన్నాడు.

పెద్దనాన్న వరండాలోకి వచ్చాక నా చెవిలో, “చూశావా? రోజూ ఎరుపు తాగితేనే తగ్గింది. ఈ డాక్టర్లకేం తెలుసురా,” అన్నాడు. నిజం నా నాలుక చివరి దాకా వచ్చింది. పెద్దమ్మ నా మోచేతిని పట్టుకుంది. అంతే, మింగేశాను. నేను నిజం మింగిన రోజులు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు.

మర్నాడు పొద్దున లోడింగ్ దగ్గర నా స్టీరింగు పక్కన ప్యాకెట్టు పెట్టింది ఆవిడే. లోడింగ్ అతన్ని దూరంగా పంపేసింది.

“ఇది అసలుది,” అంది. “మిషన్ మధ్యలో నుంచి తీశాను. కొవ్వు ఆరుకు ఆరూ ఉంది.”

ఎరుపు కవరు. నిన్నటి దానికీ దీనికీ కంటికి ఏ తేడా లేదు. ఆవిడ దాన్ని అరచేత్తో ఒకసారి నిమిరి వదిలింది.

“ముప్పై ఏళ్ళుగా ఎవరి పాలలో ఏముందో చెబుతున్నానురా. ఆయన నాలుక సంగతి మాత్రం నాకు అంతుపట్టట్లేదు. ఈ ఐదు నెలలూ నేను మోసం చేశానా, తెలిసే ఆయన మోసపోయాడా?”

“అడిగేయొచ్చు కదా పెద్దమ్మా.”

“అడిగితే నాకు కావల్సింది చెబుతాడు. నీకు మొహమాటం తెలీదు కదా, అందుకే నిన్నడుగుతున్నా. ఇవాళ ఇది ఇచ్చి వెళ్ళిపోకు. ఏమీ చెప్పకు కూడా. షట్టరు దించుకుని ఆయన తాగే దాకా అక్కడే నిలబడు. మొదటి గుక్క మింగాక ఏమంటాడో విను. తిట్టినా, పొగిడినా, ఏమీ అనకపోయినా, ఒక్క మాట మార్చకుండా వచ్చి నాకు చెప్పు.”