మాసయ్య విమానం

మాసయ్యకు ఒకే ఒక్క పిచ్చి: రాని విమానానికి దారి ఇప్పించడం.

పెద్దమందడి దగ్గరి ఆ మిరప చేను ఒకప్పుడు ఎవరో ఆసామి తన చిన్న విమానాల కోసం చదును చేయించిన మైదానం. విమానం దిగే ముందు బర్రెల్ని, మేకల్ని, మనుషుల్ని పక్కకు తరమడం మాసయ్య ఉద్యోగం. ఆసామి మూటాముల్లె సర్దుకున్నాడు. రన్‌వేను దున్నేశారు. ఆ సంగతి మాసయ్యకు ఎవరూ చెప్పలేదో, చెప్పినా వినలేదో, ఈల, ఎర్రగుడ్డ మాత్రం వదల్లేదు. నట్టెండలో ఈల ఊదాడంటే కూలీలంతా గంపలు దించి పాత విమానాల షెడ్డులోకి పోవాల్సిందే. అటుగా పెబ్బేరు సంతకు పోయే ఎడ్లు సైతం ఆగేవి.

"ఏదీ తాతా విమానం?" అనేది మిర్చి ఏరే వసంత.

"దారిలున్నది."

"నిన్న గూడ గదే అంటివి!"

"బీచుపల్లి కాడ అంజన్న దర్శనానికి ఆగింది. లైను పెద్దగున్నదంట."

ఈ ఏడు ఆ చేను కౌలుకు తీసుకున్న గీతకు మాత్రం నవ్వు వచ్చేది కాదు. బీఎస్సీ చదివిన పిల్ల. ఏడాది కూతురి ఒళ్లు కాస్త వెచ్చబడితే పొద్దంతా థర్మామీటరు పట్టుకు కూర్చునే మనిషి. ఆ రోజు పడమట మబ్బు పట్టింది. తడిస్తే కాయకు బూజు పడుతుంది. ఆఖరి కోత సాయంత్రానికి అయిపోవాలి. మొగుడు నాగేశ్ పొద్దున్నే తేల్చేశాడు.

"ఇయ్యాల గిన విమానమొస్తే ముసలాయన షెడ్డు ఖాళీ చేస్తడు. నువ్వే చెప్పు."

మాసయ్యకు ఆ షెడ్డు తప్ప వేరే ఇల్లు లేదు.

మధ్యాహ్నం ఈల మోగనే మోగింది. గీత కొంగు నెత్తిన కప్పుకుని ఉరికింది. కూలీలు షెడ్డులో ఉన్నారు. ముసలాయన ఒక్కడే ఎండలో నిలబడి, ఖాళీ ఆకాశానికి ఎర్రగుడ్డ ఊపుతున్నాడు.

"తాతా, జర నిజం చెప్పు. విమానం రాదని నీకు తెల్వదా?"

"తెల్సు బిడ్డా."

"మరి మాకు గీ పరేషాన్ ఏంది?"

మాసయ్య చెయ్యి దించాడు. "ఎండకు కూసున్నరంటే మీ ఆయన పూట కూలి కోస్తడు. పిచ్చోడు ఆపిండంటే నన్ను తిడతడు. తిట్లే గద."

చేతిలోని ఎర్రగుడ్డ మడిచాడు. "విమానానికి అడ్డమని గీడ చెట్టన్నది లేకుండ నేనే నరికిన. పోయిన ఎండకాలం, మీకు ముందు కౌలుదారు ఉన్నప్పుడు, నా పెండ్లాం సారమ్మ గీ మిరప సాల్లనే పడ్డది. కండ్లు తిరుగుతున్నయని తెల్సు దానికి. మేస్త్రి ఏమంటడోనని కూసోలె. దవాఖాన దాక గూడ పానం ఆగలె. గప్పటి సంది మల్ల ఈల పట్టిన."

గీత షెడ్డులోని కూలీల వైపు చూసింది. ఈ చేలో ఒక్కరి నుదురూ తాను ఏనాడూ ముట్టి చూడలేదు.

నాగేశ్ బండి వచ్చి ఆగింది. "ఎవడాపిండు పని?"

మాసయ్య అలవాటుగా ముందుకొచ్చాడు. గీత అడ్డం నిలబడింది.

"నేనే ఆపిన. ఎండ దిగినంక లేస్తరు. పూట కొయ్యం."

"మబ్బు చూసినవా గీతా? కాయ తడిస్తే?"

"చీకటి పడేదాక నేను గూడ ఏర్త. నువ్వు గూడ ఏరు."

నాగేశ్ మబ్బును చూశాడు, భార్యను చూశాడు. మబ్బే నయమనిపించిందేమో, షెడ్డులోకి పోయి కూర్చున్నాడు.

"నువ్వు గూడ లోపలికి రా తాతా," అంది గీత. "రేపటి సంది విమానం వద్దు. ఎండగున్నది, కూసోండ్రి అని చెప్పు, చాలు."

మాసయ్య ముఖం వాడిపోయింది.

"నిజం చెప్పాల్నా?" అన్నాడు దిగులుగా. "గీ వయసుల కొత్త పని నాతోని అయితదా బిడ్డా?"