అన్న ముల్లు, నా అంకె

మంచిర్యాలలో మా కార్ల షెడ్డు గోడకు ఒక గుండ్రటి మీటరు వేలాడుతుంటుంది. అది మా అన్నది. దాని రబ్బరు గొట్టం ఎండి పగిలింది. మొన్న పాత సామాన్లవాడు అడిగితే వాడి మీద కస్సుమన్నాను. పాపం, వాడేం చేశాడు!

నాకు పని నేర్పింది అన్నే. ఇంజను స్టార్టు చేసి, లోపలికి గాలి వెళ్లే మానిఫోల్డ్‌కు ఆ మీటరు తగిలించేవాడు. ఇంజను గాలిని ఎంత గట్టిగా గుంజుతోందో ముల్లు చెప్పేది.

"ఇరవై కాడ కదలకుండ నిలవడ్డదా, ఫికర్ లేదు. పదిహేనుకు దిగిందా, ఎక్కడ్నో గాలి జొరవడుతున్నట్టు. వణుకుతుందా, వాల్వు పోయినట్టు" అనేవాడు.

ఎక్కువుంటే బలం, తక్కువుంటే జబ్బు. ముప్పై ఏళ్లు ఆ లెక్క ఆయనకు తప్పలేదు.

తర్వాత నేను ఇంజను జబ్బులు చూసే స్కానర్ కొన్నాను. దానికి ముల్లుండదు, అంకెలే. పైగా దాని లెక్క తిరగేసి ఉంటుంది. ఇంజను గుంజగా మానిఫోల్డ్‌లో ఇంకా ఎంత గాలి ఒత్తిడి మిగిలిందో అది చూపిస్తుంది. మంచి ఇంజను ఊరికే తిరుగుతున్నప్పుడు ముప్పై, ముప్పై అయిదు. నీరసించేకొద్దీ అంకె పెరుగుతుంది. ఇంజను ఆపేస్తే తొంభై ఎనిమిది, బయట గాలి ఎంతో అంత. ఈ ముక్క అన్నకు కూర్చోబెట్టి చెప్పడానికి పది నిమిషాలు చాలు. నేను చెప్పలేదు. కొత్త బిచ్చగాడు పొద్దెరగడన్నట్టు, ఆ డబ్బాతో నాకు తీరికెక్కడిది!

ఒకరోజు ఒక బడిపంతులు కుటుంబంతో వేములవాడ పోవాలని, ముందుగా కారు చూపించడానికి వచ్చాడు. నేను ఇంకో బండి కింద ఉన్నాను. అన్న స్కానర్ తగిలించాడు.

"సారూ, స్టార్టు చెయ్యకముందు తొంభై ఎనిమిదుండె. చెయ్యంగనె ముప్పై మూడుకు పడ్డది. ఇంజనుల బలం లేదు, విప్పాలె" అన్నాడు.

నేను బండి కింద నుంచి బయటికి వచ్చి పకపకా నవ్వాను. "నీకు తెల్వకపోతె ఊకో అన్నా! గీ మిషన్ల తక్కువుంటేనే మంచిది. ముప్పై మూడంటె ఇంజను కొత్తదాని లెక్కున్నది."

పంతులు కూడా నవ్వాడు. "ఇగ మీ తమ్ముడు చూసుకుంటడు తియ్యి" అన్నాడు అన్నతో.

అన్న గుడ్డముక్క తీసుకుని ఒక్కో వేలూ తుడుచుకున్నాడు. "అట్లనా" అన్నాడు. అంతే. చెంప మీద ఒక్కటి కొట్టినా నాకు బాగుండేది.

ఆ తర్వాత ప్రతి బండికీ అదే అడిగేవాడు. "తమ్మీ, గిది ఎక్కువుంటె మంచిదా, తక్కువుంటె మంచిదా?" చివరికి టైర్లో గాలికి కూడా. నేను విసుక్కుంటూ చెప్పేవాణ్ణి. తప్పయిందన్నా అని మాత్రం ఒక్కసారీ అనలేదు. ఇప్పుడు ఆ గోడ దగ్గర నిలబడి రోజూ అంటుంటాను. ఎవరికి వినబడాలి?

పోయిన ఏడు అన్న ఊపిరితిత్తులు చెడిపోయాయి. కరీంనగర్ దవాఖానలో చేర్చాం. వేలికి క్లిప్పు, తల దగ్గర ఆక్సిజన్ అంకె. పొద్దున ఎనభై ఆరు, మధ్యాహ్నానికి డెబ్బై తొమ్మిది. డాక్టరు నన్ను బయటికి పిలిచి చెప్పాల్సింది చెప్పేశాడు. తిరిగి లోపలికి వెళ్లేసరికి వదిన ఆయన కాళ్లు పడుతోంది. అన్న ఆ అంకెనే చూస్తున్నాడు. అది డెబ్బై నాలుగుకు దిగింది. మాస్కు కాస్త పక్కకు జరిపాడు.

"తమ్మీ, గిది ఎక్కువుంటె మంచిదా, తక్కువుంటె మంచిదా?"

మాస్కు మళ్లీ సర్దాను. "తక్కువుంటేనే మంచిది అన్నా" అన్నాను.

"అయితె మంచిగనె ఉన్న" అని నవ్వి, నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ సాయంత్రమే పోయాడు.

కరోనా రోజుల్లో వదిన వేలికి అలాంటి క్లిప్పే పెట్టి, అంకె ఎక్కడ తగ్గుతుందోనని గంటగంటకూ లేచి చూసింది అన్నే. ఆ సంగతి నాకు దవాఖాన మెట్లు దిగుతుంటే గుర్తొచ్చింది.