నేను చెప్పిన హిందీ

మొన్న మనవరాలు ఫోను చెవికి ఆనించుకుని గంటసేపు స్నేహితురాలితో వాదులాడింది. సంగతేమిటంటే, వాళ్లు చూస్తున్న సీరియల్లో ఒక మంత్రగత్తె ఉంది. ఆమె పుట్టుకతోనే చెడ్డదా, లేక చుట్టూ ఉన్నవాళ్లు చెడ్డదాన్ని చేశారా అని ఒక తగువు, ఆమె శక్తి అద్దంలోంచి కూడా పనిచేస్తుందా అని ఇంకొకటి. ఫోను పెట్టేశాక, "మీ రోజుల్లో ఇట్లాంటివి ఉండేవా అమ్మమ్మా?" అని అడిగింది. "ఎక్కడివే" అన్నాను. అది అబద్ధం. ఒలుస్తున్న చిక్కుడుకాయల్లోకి తల దించుకున్నాను.

ఉండేవి. తొంభైల మొదట్లో మా కాపురం సారపాకలో, కాగితం మిల్లు క్వార్టర్లలో. మా వరసలో టీవీ మా ఒక్క ఇంట్లోనే ఉండేది. ఆదివారం పొద్దున ఒక హిందీ సీరియల్ వచ్చేది. అందులో చూపుతోనే పాలు విరగ్గొట్టి, నడిచే మనిషిని ఉన్నపళంగా నిలబెట్టేసే ఒక మంత్రగత్తె. ఆ గంటసేపు మా ముందుగదిలో కాలు పెట్టడానికి చోటుండేది కాదు, గుమ్మం బయట చెప్పులు కుప్ప పడేవి. పక్కింటి అక్క వాళ్లది చర్చికి వెళ్లే కుటుంబం. చివరి ప్రార్థన అయీ కాకముందే ఆమె బైబిల్ చంకన పెట్టుకుని వచ్చి ముందు వరసలో కూర్చునేది. "మేం దయ్యాలు గియ్యాలు నమ్మం. గానీ దానికి గంత కోపం ఎందుకో తెల్వాలె కదా" అనేది. సోమవారం కుళాయి దగ్గర కూడా ఇదే చర్చ. తన తల్లిని ఎవరో చంపినందుకు పగ అని కొందరు, మొగుడి మీద అనుమానమని కొందరు. గోదావరి దాటితే దాని శక్తి పోతుందా పోదా అని ఇద్దరు మాటలు కూడా మానేశారు. ఈ గొడవలో బిందెలు నిండి పొర్లిపోతున్నా ఎవరికీ పట్టేది కాదు.

బజారు ఉర్దూ అందరికీ ఎంతో కొంత వచ్చు. కానీ ఆ మంత్రగత్తె మాట్లాడేది సంస్కృతం దట్టించిన హిందీ. అది ఎవరికీ కొరుకుడు పడేది కాదు. పెళ్లికి ముందు మధిరలో నేను రెండు హిందీ పరీక్షలు పాసయ్యానని మా ఆయన ఊరంతా చెప్పి పెట్టారు. దాంతో నేను దుబాసీనయ్యాను. నిజానికి నాకు అర్థమయ్యేది సగమే. మిగతా సగం కల్పించి చెప్పేదాన్ని. పరీక్షలు పాసయిందీ అట్లాగే. అందరూ నా నోటివంక చూస్తుంటే "తెలియదు" అనడానికి మనసొప్పేది కాదు.

ఆ ఆదివారాల్లోనే అడ్డాకుల విస్తళ్లు అమ్మే కోయామె ఒకామె వచ్చేది. చర్ల వైపు అడవి పల్లె నుంచి భద్రాచలం దాకా బస్సు, అక్కణ్ణించి గోదావరి వంతెన మీదుగా మా వైపుకు నడక. నాకంటే పదేళ్లు పెద్దదేమో. ఎవరింటి ముందు గంప దించినా మొదట అడిగేది నీళ్లే. అమ్మకం అయ్యాక మా గుమ్మం మెట్టు మీద కూర్చుని తనూ సీరియల్ చూసేది. లోపలికి రమ్మని నేనెప్పుడూ అనలేదు. అనాలని కూడా నాకు తట్టలేదు. ఒకసారి లోపల మేమంతా ఆ మంత్రగత్తె ఎందుకిట్లా అయిందని తలలు బద్దలు కొట్టుకుంటుంటే, మెట్టు మీంచి ఆమె అంది: "అది చెడ్డది కాదమ్మా. ఏ ఇంటికి పోయినా దాన్ని ఎవరన్నా కూసోమన్నరా, మీరే చెప్పండ్రి." మేం నవ్వేశాం. అన్ని వారాల చర్చలో సరైన మాట అదొక్కటేనని ఇప్పుడనిపిస్తుంది.

ఆ తర్వాతి వారమే కాబోలు, మంత్రగత్తె ఒక ఇంటి గుమ్మంలో నీళ్ల చెంబు పట్టుకుని చాలాసేపు ఏదో గొణిగింది. నాకు ఒక్క ముక్క అర్థం కాలేదు. "ఏందంట? ఏందంట?" అని పక్కింటి అక్క నా మోచెయ్యి పొడిచింది. "ఎవరి చేతి నీళ్లు తాగితే వాళ్లింటి మీదే దాని మంత్రం పారుతుందట" అన్నాను. చెంబు కనబడింది కాబట్టి నీళ్ల మాట తట్టింది, అంతే. గదంతా గప్‌చుప్ అయిపోయింది. నాకు లోలోపల గర్వంగా కూడా ఉంది.

ఆ వారంలోనే మా వరసలో ఒక పసివాడికి జ్వరం తగిలింది. దవాఖానాలో మందిచ్చారు, నాలుగు రోజుల్లో తగ్గిపోయింది కూడా. ఈలోగా కుళాయి దగ్గర మాట పుట్టింది. విస్తళ్లామె ఆదివారం వాళ్లింట్లో నీళ్లు తాగిందట. పక్కింటి అక్క ఒక్కతే నా దగ్గరికి వచ్చి, "నిజంగ టీవీల గట్లనే చెప్పిందా? నువ్వు సక్కగనే విన్నవా?" అని అడిగింది. ఆమెకు నమ్మాలని లేదు, నేను కాదంటే చాలు. "అవునక్కా, స్పష్టంగా విన్నా" అన్నాను. నా హిందీ పరువు నాకు అంత ముఖ్యమైపోయింది.

మళ్లీ ఆదివారం విస్తళ్లామె వరసంతా తిరిగింది. ఎవరూ విస్తళ్లు కొనలేదు, ఎవరూ నీళ్లివ్వలేదు. చివరికి మా మెట్టు మీద గంప దించి, "జర నీళ్లు పొయ్యమ్మా, గొంతెండిపోతున్నది" అంది. నా వెనక గదినిండా మనుషులున్నారు. అందరి కళ్లూ టీవీ మీంచి నా మీదికి తిరిగాయి. "ఇవాళ కుళాయి రాలేదు" అన్నాను. ఆమె నా భుజం మీదుగా లోపలికి చూసింది. అప్పుడే పట్టి తెచ్చిన రెండు బిందెలు, వాటి ఒంటి మీంచి నీళ్లు ఇంకా కారుతూ ఉన్నాయి. "అట్లనా" అని మాత్రం అని గంప నెత్తికెత్తుకుంది. ఆ ఎండలో మళ్లీ వంతెన దాకా నడవాలి. నేను లోపలికొచ్చి కూర్చుని, మంత్రగత్తె ఏమంటోందో అందరికీ తెలుగులో చెప్పాను.

ఆమె మళ్లీ మా వైపు రాలేదు. కొన్నాళ్లకు భద్రాచలం బజారులో గంప ముందు పెట్టుకుని కూర్చుని కనిపించింది. ఆ మాట టీవీ చెప్పలేదు, నేనే పుట్టించానని చెబుదామనుకున్నాను. కానీ కొంగు తల మీదికి లాక్కుని పక్క వీధిలోంచి వెళ్లిపోయాను. ఆ మాట పక్కింటి అక్కకు కూడా చెప్పలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

ఇవాళ మనవరాల్ని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను. అంతా వింది. తర్వాత, "చివరికి ఆ మంత్రగత్తె ఏమైంది అమ్మమ్మా?" అంది. నాకు గుర్తు లేదు. ముప్పై ఏళ్లలో ఆ సీరియల్ కథంతా ఎటో కొట్టుకుపోయింది, ఆ బిందెల మీద తడి మాత్రం ఇంకా ఆరలేదు.