వెనక వరస కేబుళ్ళు

అమలాపురం బస్టాండు దగ్గర మేడ మీది కంప్యూటరు సెంటరులో మధ్యాహ్నం బ్యాచికి ఆరేళ్ళు పాఠాలు చెప్పింది హన్నా. సర్టిఫికెట్ల మీద సంతకం మాత్రం బంగారరాజుది. ఆమెది పాలిటెక్నిక్ డిప్లొమా. ఇంటరుతో ఆగిపోయిన అతను యజమాని బాపిరాజు బావమరిది కాబట్టి అందరికీ "ఇంజినీరు గారు". ఆమె "ఆ అమ్మాయి". రోజూ రాజోలు బస్సులో వచ్చి వెళ్ళే హన్నా దీని గురించి ఎవరితోనూ మాట అనలేదు. అతను స్క్రూడ్రైవరు పట్టుకుంటే జనం మూగడం చూసి మాత్రం ఒళ్ళు మండిపోయేది. తనకి రావలసిన "గారు"ని అతను జేబులో వేసుకు తిరుగుతున్నాడనిపించేది.

2003 వేసవిలో పది మిషన్లకీ ఒకే రకం కొత్త హార్డ్ డిస్కులు వచ్చాయి. వాటిని బోర్డుకి కలపడానికి బంగారరాజు హైదరాబాదు నుంచి నీలం రంగు గుండ్రటి కేబుళ్ళు ఐదే తెచ్చి, రొయ్యల చెరువుల వాళ్ళ పిల్లలు కూర్చునే ముందు వరసకి వేశాడు. ఊరి చివరి పేట పిల్లలుండే వెనక వరసకి పాత మిషన్లలోంచి పీకిన నలిగిన పట్టీ కేబుళ్ళు తగిలించాడు.

"వాళ్ళకివి చాలండీ" అన్నాడు బావగారితో.

వారం తిరక్కుండా వెనక ఒక ఫైలు తెరుచుకునేలోపు ముందు మూడు తెరుచుకోవడం మొదలైంది. పిల్లలే మొద్దులని తేల్చేశాడు బంగారరాజు.

హన్నాకి కారణం చూడగానే తెలిసింది. పాత కేబులులో తీగలు నలభై, కొత్తదానిలో ఎనభై. ఒక తీగలో వెళ్ళేదాన్ని పక్క తీగ చెడగొట్టకుండా ఆ అదనపు తీగలు కాపలా కాస్తాయి. అవి లేకపోతే మిషను వేగం తగ్గించుకుంటుంది. నలిగినచోట తప్పులు దొర్లితే ఇంకా తగ్గించుకుంటుంది.

తెలిసినా చెప్పలేదు. చెబితే మర్నాటికల్లా "మా ఇంజినీరు గారు కనిపెట్టేరు" అంటారు. ఆ కుళ్ళుతోనే పద్దెనిమిది రోజులు నోరు కుట్టేసుకుంది.

ఆ తరవాత పరీక్ష. నెగ్గినవాళ్ళకి కాకినాడలో ఉద్యోగం. వెనక వరసలో కూర్చున్న కరుణ వేళ్ళు పరిగెడుతూనే ఉన్నాయి. ఫైలు సేవ్ చేసిన ప్రతిసారీ తెర బిగుసుకుపోయేది. గంట కొట్టేసరికి సగం పనే అయింది. బంగారరాజు ఎర్ర సిరాతో "స్లో" అని రాసేశాడు.

కరుణ ఏడవలేదు. "నేనే మొద్దునేమోనండీ, టీచరు గారండీ" అంది.

ఇన్నాళ్ళూ ఏ "గారు" కోసం కడుపు రగిలిపోయిందో, అది ఇలా చెవిన పడింది.

హన్నా బాపిరాజుని పిలిచింది. అందరి ఎదుటా రెండు మూతలు విప్పి, కరుణ మిషను కేబులు ముందు వరసలో సాయిదుర్గాప్రసాద్ మిషనుకీ, అతనిది కరుణ మిషనుకీ మార్చి, సెట్టింగులు సరిచేసింది. కాసేపట్లో కరుణ తెర చకచకా కదిలింది. ముందు వరస కుర్రాడు మౌసు పట్టుకుని మొద్దైపోయాడు.

"ఎప్పణ్ణించి తెలుసమ్మా నీకిది?" అన్నాడు బాపిరాజు.

"పద్దెనిమిది రోజుల్నించండీ. మీ బావమరిది గారి మీద కుళ్ళుతో చెప్పలేదండీ."

"ఆయ్, నేనూ కేబుళ్ళేననుకుంటున్నానండీ" అన్నాడు బంగారరాజు.

వెనక వరసకి మామూలు ఎనభై తీగల పట్టీ కేబుళ్ళు వేశారు. నీలం గుండ్రటివాటికీ వీటికీ వేగంలో తేడా ఏమీ కనబడలేదు. మళ్ళీ పెట్టిన పరీక్షలో కరుణ నెగ్గింది. ఆమె సర్టిఫికెట్ మీద కూడా బంగారరాజు సంతకమే ఉంది.

మీ పిల్లలు చదివే సెంటరుకి ఓసారి వెళ్ళండి. వెనక వరసలో కూర్చుని చూడండి. పిల్లని మొద్దు అనేముందు మిషను మూత విప్పించండి. సర్టిఫికెట్ అందుకునేటప్పుడు, పాఠం చెప్పినవాళ్ళ పేరు ఇందులో ఏదండీ అని గట్టిగా అడగండి.