నైటీ కనబడని నైటీ వీడియో

కెమెరా ముందు సహజంగా ఉండమని ఎవరైనా సలహా ఇస్తే వెనక్కి తిరిగి చూడకుండా పారిపోండి. నేను ఉండి చూశాను. ఆ ముచ్చట వింటే మీరే నవ్వి చస్తారు.

తెలంగాణ ఉద్యమం జోరుగా ఉన్న రోజులు. దిల్‌సుఖ్‌నగర్‌లో మావారు నైటీల కొట్టు పెట్టిన ముహూర్తం ఎలాంటిదో గానీ, షటర్ ఎత్తితే బంద్, దించితే రాస్తారోకో. ఎల్బీనగర్‌లోని మా అద్దె ఇల్లు నైటీల మూటలతో నిండిపోయింది.

"ఈ సరుకు కదలకపోతే కొట్టు ఎత్తేసి తెనాలి పోదాం. అమ్మ దగ్గరే ఉందాం" అన్నారాయన.

అత్తగారి దగ్గరా!

"వద్దండీ! వీడియో తీసి నెట్‌లో పెడదాం. నేనే మాట్లాడతాను" అన్నాను.

పట్టుచీర కట్టి, నైటీని జెండాలా పట్టుకుని మొదలుపెట్టాను. "ప్రియమైన మహిళామణులారా..."

అప్పుడే రోడ్డు మీద వంటావార్పు ముగించుకుని, గరిటెతో సహా వచ్చింది మా ఇంటి ఓనరు యాదమ్మ. నల్గొండ మనిషి.

"ఏందమ్మా, గట్ల బిగుసుకపోయినవ్? ఇంట్ల ఎట్లుంటవో గట్లనే ఉండు. గా నైటీ ఏస్కొని మాట్లాడు!"

"మీ బంద్‌ల వల్లే కదా ఆంటీ నాకీ తిప్పలు!"

"తెలంగాణ ఎట్లయినా ఒస్తది బిడ్డా. నీ నైటీలు పోవుడే జర కష్టం!"

సరేనని కొత్త పూల నైటీ వేసుకుని, వంటింట్లో చిక్కుడుకాయలు ఒలుస్తూ గలగలా మాట్లాడేశాను. మావారు చప్పట్లు కొట్టారు. "గిట్లుండాలె!" అంది యాదమ్మాంటీ. వీడియో నెట్‌లోకి ఎక్కింది. బ్లూటూత్‌లో కాలనీ ఫోన్లన్నీ తిరిగింది.

మర్నాడు ఒకటే ఫోన్లు.

"వీడియో చూశామండీ. ఆ ఎర్రచుక్కల చున్నీ ఎంత?"

"అక్కా, గా చున్నీ ఇంకోటి ఉన్నదా?"

చున్నీ ఏమిటని వీడియో మళ్లీ పెట్టి చూశాను. ఇంకేముంది! మెడ నుంచి మోకాళ్ల దాకా నా కాలేజీ రోజుల చున్నీ. దాని కింద వేలెడు నైటీ అంచు. గ్యాస్ అబ్బాయి తలుపు కొట్టినా చేయి దానంతటదే చున్నీ మీదకు పోతుందా, కెమెరాను చూడగానే కూడా పోయింది!

"తీసేటప్పుడు చూసుకోలేదా మీరు?" అని మావారి మీద విరుచుకుపడ్డాను.

"నువ్వు రోజూ అలాగే ఉంటావు కదే!" అన్నారు పాపం.

యాదమ్మాంటీ వంక చూశాను. ఆవిడ నైటీ మీద తువ్వాలు సర్దుకుంటూ, "నాకు గూడ ఏం తేడా కొట్టలే" అంది.

బంద్ లేని రోజు చూసి మావారు మూటెడు చున్నీలు తెచ్చారు. కొట్టు ముందు బోర్డు వేలాడింది: 'చున్నీ కొన్నవారికి, లోపల వేసుకోవడానికి నైటీ సగం ధరకే!' మూటలన్నీ కరిగిపోయాయి. తెనాలి ప్రయాణం ఆగిపోయింది. నేను పడ్డ సంతోషం అంతా ఇంతా కాదు.

అయినా ఆనాడే యాదమ్మాంటీ ఎదుట ఒట్టు పెట్టుకున్నాను: ఈ జన్మలో కెమెరా ముందు సహజంగా ఉండనుగాక ఉండనని. చున్నీ సర్దుకుని మరీ.